ఇంట గెలవమన్నారు సరే, ఏ ఇంట?

మాదాపూర్‌లో ఒక ఆఫీసులో నేను మొదటిసారి టీమ్ లీడ్ అయ్యాను. నా కింద ఎనిమిది మంది. ఏడాదిన్నర తర్వాత వాళ్ళలో ఒకబ్బాయి ఉద్యోగం మారుతున్నాడు. అందరం కలిసి బిర్యానీ తింటుంటే నవ్వుతూనే ఒక మాటన్నాడు. "అన్నా, ఇప్పుడు చెప్పినా ఏం కాదు కదా. పొద్దున మీరొచ్చి బ్యాగు టేబుల్ మీద పెట్టే చప్పుడు ఉంటుందే, దాన్నిబట్టి ఆ రోజు లీవు అడగాలో వద్దో డిసైడ్ అయ్యేవాళ్ళం." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరూ నవ్వారంటే అందరికీ తెలిసిన సంగతే అన్నమాట. తెలియనిది నాకొక్కడికే.

ఆ చప్పుడు వెనక పెద్ద కథేం లేదు. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ముప్పావుగంట ఇరుక్కున్న రోజున బ్యాగు ధబీమని పడేది. రోడ్డు ఖాళీగా దొరికిన రోజున మెల్లగా దిగేది. నా లెక్కలో అది ట్రాఫిక్. వాళ్ళ లెక్కలో అది నేను. ధబీమన్న రోజున ఎవరూ నా దగ్గరకు సమస్య తెచ్చేవారు కాదు. సోమవారం కనిపించిన తప్పు బుధవారానికి గానీ నా దాకా వచ్చేది కాదు. ముందే ఎందుకు చెప్పలేదని బుధవారం మళ్ళీ నేనే అరిచేవాణ్ణి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ ఇల్లు ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. ఇతరులను నడిపించే ముందు నిన్ను నువ్వు నడిపించుకో అనే సలహా కూడా అంతే. గచ్చిబౌలిలో ఏ కంపెనీ శిక్షణకు వెళ్ళినా మొదటి స్లైడులోనే కనిపిస్తుంది. రెండో స్లైడుకల్లా అది పొద్దున్నే ఐదింటికి లేవడం, చన్నీళ్ళ స్నానం, డైరీ రాయడం అయిపోతుంది. ఐదింటికి లేచి, చన్నీళ్ళు పోసుకుని, తొమ్మిదింటికి ఆఫీసుకొచ్చి అందరి మీదా అరిచేవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు.

చిక్కు ఎక్కడంటే, రెండు వేర్వేరు విషయాలను ఒకే మూటలో కట్టేస్తున్నాం. అమెరికాలో మేనేజ్‌మెంట్ బోధించే చార్లెస్ మాంజ్ 1986లో ఒక పరిశోధన పత్రంలో ఆ మూట విప్పారు. ఎవరో పెట్టిన లక్ష్యాన్ని, వెనకాల ఎవరూ నిలబడకపోయినా మన అంతట మనం అందుకోవడం సెల్ఫ్ మేనేజ్‌మెంట్. ఆ లక్ష్యం అసలు ఎందుకు, ఇందులో నాకు నచ్చేదేమిటి, ఇది ఇలాగే చేయాలా అని కూడా మనల్ని మనం ప్రశ్నించుకుంటే సెల్ఫ్ లీడర్‌షిప్. ఏసీని 24 మీద పెడితే అది 24నే పట్టుకుని కూర్చుంటుంది. డిసెంబర్ వచ్చిందనీ, కిటికీ తీస్తే చాలనీ దానికి తెలియదు. మంచి క్రమశిక్షణ ఉన్న మనిషి కూడా ఒక్కోసారి అలాంటి ఏసీయే.

మాంజ్ బృందం చెప్పిన దారులు మూడు: మన ప్రవర్తనను గమనించి సరిదిద్దుకోవడం, పనిలోనే ఆనందం దొరికేలా పనిని మలుచుకోవడం, లోపల తిరిగే మాటల తీరు మార్చుకోవడం. బజారులో మొదటిదే ఎక్కువగా అమ్ముడవుతుంది. ఎన్నింటికి లేచామో కొలవచ్చు కాబట్టి. బ్యాగు ఎలా పెట్టామో కొలిచే యాప్ ఇంకా రాలేదు.

ఇదంతా నా సొంత గొడవ కదా, నా కింద పనిచేసేవాళ్ళకు దీనితో ఏం పని అని అడగొచ్చు. 2005లో వచ్చిన ఒక ప్రయోగం దీనికి సరిగ్గా సరిపోతుంది. థామస్ సై, స్టెఫాన్ కోటే, రిచర్డ్ సావెడ్రా అనే ముగ్గురు పరిశోధకులు విద్యార్థులను చిన్న చిన్న జట్లుగా చేసి, ఒక్కో జట్టుకు ఒక నాయకుణ్ణి పెట్టారు. నాయకులకు మాత్రం విడిగా వీడియోలు చూపించారు. కొందరికి మనసు తేలికయ్యేది, కొందరికి మనసు పాడయ్యేది. తర్వాత జట్టు కళ్ళకు గంతలు కట్టుకుని ఒక టెంటు వేయాలి. నాయకుడి మూడ్ జట్టుకు అంటుకుంది. హుషారుగా ఉన్నవాడి జట్టు ఒకరికొకరు చక్కగా అందుకుంటూ, తక్కువ శ్రమతో పనిచేసింది. చిరాకు నాయకుడి జట్టులో సమన్వయం తగ్గింది గానీ, వాళ్ళు ఎక్కువ కష్టపడ్డారు.

ఆ ఆఖరి ముక్క దగ్గర కాస్త ఆగాలి. బాస్ చిరాకుగా ఉంటే జనం నిజంగానే ఎక్కువ కష్టపడతారు. అందుకే "అరిస్తే గానీ పని కాదు" అన్న నమ్మకం మన ఆఫీసుల్లో, హోటళ్ళలో, కట్టుబడి పనుల దగ్గర అంత గట్టిగా నిలబడింది. అరిచినవాడికి వెంటనే కనిపించేది ఆ పెరిగిన కష్టమే. తగ్గిన సమన్వయం ఆ రోజు కనిపించదు. నా సోమవారం తప్పులా బుధవారం కనిపిస్తుంది.

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. రాజు ఉత్సాహంగా లేచి పనిచేస్తే భృత్యులూ లేస్తారు, రాజు ఏమరితే వాళ్ళూ ఏమరుతారు అని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాశాడు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని మన ఊళ్ళలో అనేదీ అదే. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాక ఒక కూల్ డ్రింక్ ప్రకటనకు ఒప్పుకోలేదు. తాను తాగనిదాన్ని పిల్లలను తాగమని ఎలా చెప్పాలన్నది ఆయన అభ్యంతరం. గచ్చిబౌలిలో ఆయన అకాడమీ మొదలైంది 2008లో. అంటే శిక్షణ ఇవ్వడానికి గోడలు లేవకముందే ఆ మాటకు బరువు వచ్చేసింది.

కౌటిల్యుడి దగ్గర నన్ను ఎక్కువగా పట్టేసింది ఇంకొకటి. రాజుకు ఇంద్రియజయం గురించి చెబుతూ ఆరు శత్రువుల జాబితా ఇస్తాడు. మనకు చిన్నప్పటి నుంచి అలవాటైన అరిషడ్వర్గం కామ, క్రోధ, లోభ, మోహ, మద, మాత్సర్యాలు. కౌటిల్యుడి జాబితాలో మోహం, మాత్సర్యం లేవు. వాటి బదులు మానం, హర్షం ఉన్నాయి. మానం అంటే నా అంతటివాడు లేడన్న పొగరు అనుకుంటే సరిపోతుంది. దానికి ఆయన చూపించే ఉదాహరణలు రావణుడు, దుర్యోధనుడు. కానీ హర్షం? సంతోషం ఎప్పుడు శత్రువైంది? దానికి ఆయన ఉదాహరణ వాతాపి. పసిపిల్లలకు పాలు పట్టాక పొట్ట నిమురుతూ అమ్మలు "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అంటారే, ఆ వాతాపే. ప్రతిసారీ పారిన పాచిక అగస్త్యుడి దగ్గరా పారుతుందని ఎగిరిపడ్డాడు.

కోపంలో నోరు జారడం గురించి అందరం మాట్లాడుకుంటాం. సంతోషంలో నోరు జారడం గురించి ఎవరూ మాట్లాడరు. శుక్రవారం సాయంత్రం క్లయింటు మెచ్చుకున్న ఊపులో "మిగతాది కూడా ఈ నెలాఖరుకే ఇచ్చేస్తాం" అని నేను ఒప్పేసుకున్నవి లెక్కపెడితే, నా టీమ్ శనివారాలను తిన్నది నా కోపం కన్నా నా సంతోషమే. అప్రైజల్ ముందు హుషారుగా ఉన్న రోజున ఒకరికి ప్రమోషన్ ఖాయమన్నట్టు మాట్లాడి, తర్వాత తలెత్తి చూడలేకపోయిన సందర్భం కూడా ఉంది. అది రాయడానికి ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంది.

బ్యాగు సంగతి తెలిశాక నేను చేసిన మొదటి పని తప్పు పని. కోపం వస్తే దిగమింగడం మొదలుపెట్టాను. ముఖం మీద ఏమీ కనపడనిచ్చేవాణ్ణి కాదు. బ్యాగు దూదిపింజలా దిగేది. నెల తిరక్కుండానే ఒకమ్మాయి వచ్చి, "ఏమైనా ప్రాబ్లమా సార్, మీరు మాట్లాడట్లేదు, అందరికీ టెన్షన్‌గా ఉంది" అంది.

దిగమింగడం వేరు, చూసే చూపు మార్చుకోవడం వేరు. ఈ తేడా మీద స్టాన్‌ఫర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ గ్రాస్ 1990ల నుంచి పనిచేస్తున్నారు. భావాన్ని ముఖం మీదకు రాకుండా అణిచిపెట్టినవాళ్ళకు లోపలి బాధ తగ్గలేదు, పైగా శరీరం మీద ఒత్తిడి పెరిగింది. జరిగినదాన్ని ఇంకో కోణంలో చూసుకున్నవాళ్ళకు బాధే తగ్గింది. ఎమిలీ బట్లర్, గ్రాస్ తదితరులు 2003లో ప్రచురించిన అధ్యయనం నాలాంటి వాడికి చెంపదెబ్బ. ముఖపరిచయం లేని ఇద్దరేసి మహిళలకు కలత పెట్టే సినిమా ఒకటి చూపించి, దాని గురించి మాట్లాడుకోమన్నారు. కొన్ని జంటల్లో ఒకరికి మాత్రం, మీ భావాలేవీ బయటపడకుండా చూసుకోండని రహస్యంగా చెప్పారు. రక్తపోటు పెరిగింది అణిచిపెట్టినవాళ్ళ ఒక్కరిదే కాదు, ఆ రహస్యం తెలియని, ఎదురుగా కూర్చున్న మనిషిది కూడా. నేను మింగిన కోపం ఎనిమిది మంది కడుపుల్లోకి వెళ్ళిందన్నమాట.

చూపు మార్చుకోవడం అంటే అబద్ధం చెప్పుకోవడం కాదు. "వీడికి శ్రద్ధ లేదు" అనుకున్న చోట "వీడికి ఈ పని ఎలా చేయాలో నేను ఎప్పుడైనా చూపించానా" అని నన్ను నేను ప్రశ్నించుకోవడం. నిజంగానే చూపించి ఉంటే, అప్పుడు గట్టిగా మాట్లాడాలి. కోపం తగ్గాక కూడా గట్టిగా మాట్లాడొచ్చు. ఆ రెండూ ఒకటేనని మనం చాలాకాలం పొరపడ్డాం.

ఇక్కడికి వచ్చేసరికి ఎవరైనా అనే మాట, "దానికి విల్ పవర్ ఉండాలి బాస్". ఈ విల్ పవర్ కథ కూడా కాస్త విప్పి చూడాల్సిందే. 1998లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాయ్ బౌమైస్టర్ బృందం ఒక ప్రయోగం చేసింది. అప్పుడే కాల్చిన బిస్కెట్ల వాసన గదంతా ఉండగా, కొందరికి ముల్లంగి ముక్కలు మాత్రమే తినమన్నారు. తర్వాత ఎవరూ విప్పలేని ఒక పజిల్ ఇచ్చారు. బిస్కెట్లు తిన్నవాళ్ళు దాదాపు 19 నిమిషాలు కుస్తీ పట్టారు, ముల్లంగి వాళ్ళు 8 నిమిషాలకే వదిలేశారు. మనోబలం పెట్రోలు లాంటిది, వాడితే అయిపోతుందన్న సిద్ధాంతం అలా స్థిరపడింది. అయితే 2016లో 23 ప్రయోగశాలలు కలిసి, 2 వేల మందికి పైగా మనుషులతో ఆ సిద్ధాంతాన్ని మళ్ళీ పరీక్షిస్తే, ప్రభావం దాదాపు సున్నా తేలింది. వాదన ఇంకా సాగుతూనే ఉంది. నాకు అర్థమైనంతలో, ట్యాంకులో ఎంత పెట్రోలుందో చూసుకుంటూ కూర్చోవడం కన్నా ఏ మలుపులో బండి జారుతుందో తెలుసుకోవడం మేలు.

ఆ మలుపు నాకు చూపించింది ఏ శిక్షణా కాదు, మా చిన్నమ్మ.

ఆమెది నల్లగొండ దగ్గరి ఊరు. ఎస్.ఆర్. నగర్‌లో ఇరవై ఏళ్ళుగా మెస్ నడుపుతోంది. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలే ఆమె గిరాకీ. వంట చేసేవాళ్ళు ఇద్దరు, గిన్నెలు తోమే ఆవిడ ఒకరు, సామాన్లు తెచ్చే కుర్రాడు ఒకడు. ఒకసారి వాళ్ళింట్లో పడుకుని, తెల్లవారుజామున నాలుగున్నరకు గరిటెల చప్పుడుకు లేచాను. వంటగదిలో పొయ్యిలు వెలిగాయి, గుండిగలో ఎసరు కాగుతోంది, ఒకరు ఉల్లిగడ్డలు తరుగుతున్నారు. మాట మాత్రం లేదు. చిన్నమ్మ మూల పీట మీద కూర్చుని చాయ్ కోసం చూస్తోంది. గోడకు ఒక నల్ల బోర్డు. దాని మీద సుద్దముక్కతో వంకరటింకర అక్షరాలు: పప్పు 4 కిలోలు. ఉల్లిగడ్డ 6. గ్యాస్ బండ మార్చాలె. 12 నంబర్ రూం పిలగానికి జొరం, పెరుగన్నం.

"నీకు కోపం రాదా చిన్నమ్మా?" అని అడిగాను.

"రాకేంరా, మస్తు వస్తది. పొద్దుగాల చాయ్ పడేదాక నా నోరు నాది కాదు. ఆ టైముల నేనేం చెప్పినా అది పని కాదు, తిట్టే అయితది. అందుకే రాత్రే రాసిపెడ్త. బోర్డు తిట్టదు గదా."

మొదట్లో ఇద్దరు వంటవాళ్ళు ఆమె నోటికి భయపడి పని మానేశారట. మూడోవాడు కూడా పోతానన్న రోజున బోర్డు కొనుక్కొచ్చిందట. అంతే కథ. తన కోపాన్ని ఆమె జయించలేదు, జయించాలని కూడా అనుకోలేదు. అది ఏ వేళకు వస్తుందో కనిపెట్టి, ఆ వేళలో తన చేతిలో అధికారం లేకుండా చేసుకుంది.

జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1990ల్లో చెప్పింది దాదాపు ఇదే. "ఇకనుంచి ఓపికగా ఉంటాను" అన్న తీర్మానం నిలబడదు. "ఫలానా పరిస్థితి వస్తే ఫలానా పని చేస్తాను" అని ముందే కట్టుకున్న ముడి నిలబడుతుంది. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 పరీక్షల ఫలితాలు ఒకచోట చేర్చి చూస్తే, ఈ పద్ధతికి చెప్పుకోదగ్గ ప్రభావమే కనిపించింది. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు దాదాపు మూడు నెలలు గోపీచంద్ సింధు ఫోన్ తీసేసుకున్నారన్న సంగతి అందరికీ తెలుసు. అక్కడా ఫోన్ చేతిలో పెట్టుకుని చూడకుండా ఉండే మనోబలం మీద ఎవరూ పందెం కాయలేదు. కాకపోతే సింధుకు గోపీచంద్ ఉన్నారు. టీమ్ లీడ్ ఫోన్ ఎవరు తీసుకుంటారు? అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ రాత్రి పదకొండింటికి గ్రూపులో పెట్టబోయే మెసేజ్‌ను ఎవరు ఆపుతారు? పైకి వెళ్ళేకొద్దీ మనల్ని ఆపేవాళ్ళు తగ్గిపోతారు. ఇతరులకన్నా ముందు తనను తాను అనడంలో ఉన్న అసలు అవసరం ఇదేనని నాకనిపిస్తుంది. అందులో పవిత్రతేం లేదు. బ్రేకు వేసేవాడు ఇంకెవడూ లేడు, అంతే.

మరి మన మలుపు ఏదో మనకెలా తెలుస్తుంది? గురివింద తన నలుపెరగదు. మేనేజ్‌మెంట్ పండితుడు పీటర్ డ్రకర్ ఒక పద్ధతి చెప్పేవారు. ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నప్పుడల్లా ఏం జరుగుతుందని ఆశిస్తున్నామో కాగితం మీద పెట్టి, 9 నుంచి 12 నెలల తర్వాత జరిగినదానితో పోల్చి చూసుకోవడం. నేను ఆరు నెలలు చేశాను. ఎవరి పని ఎన్నాళ్ళు పడుతుందో నేను వేసిన అంచనాలు దాదాపు సరిపోయాయి. నా పని ఎన్నాళ్ళు పడుతుందో మాత్రం ఒక్కటీ సరిపోలేదు.

తప్పు బయటపడ్డాక ఏం చేస్తామన్నది ఇంకో కొలత. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. అదే అక్టోబర్‌లో, కంప్యూటింగ్ రంగంలోని మహిళల కోసం ఫీనిక్స్‌లో జరిగిన సదస్సులో, జీతం పెంచమని అడగడానికి జంకే మహిళలకు ఏం చెబుతారని అడిగారు. అడగనక్కర్లేదు, వ్యవస్థ మీద నమ్మకం ఉంచండి, అది మంచి కర్మ అన్న ధోరణిలో జవాబిచ్చారు. వేదిక మీదే, ప్రశ్న అడిగిన మరియా క్లావే కాదన్నారు. ఆవిడ అప్పుడు మైక్రోసాఫ్ట్ డైరెక్టర్ల బోర్డు సభ్యురాలు. అదే రోజు నాదెళ్ళ మొదట ట్విటర్‌లో, సరిగ్గా చెప్పలేకపోయానని రాశారు. తర్వాత ఉద్యోగులకు పంపిన మెయిల్‌లో, నా జవాబు పూర్తిగా తప్పు అని రాశారు. ఆ రెండింటి మధ్య కొన్ని గంటలే, దూరం మాత్రం చాలా ఉంది. మొదటిది మాట తీరు గురించి, రెండోది ఆలోచన గురించి. మనలో చాలామందిమి "నా ఉద్దేశం అది కాదు" దగ్గరే జీవితమంతా గడిపేస్తాం.

ఇంకో మాట చెప్పకపోతే ఈ వ్యాసం కూడా ఆ శిక్షణ స్లైడులాగే తయారవుతుంది. సెల్ఫ్ లీడర్‌షిప్ పేరుతో కంపెనీలు తమ బరువును మన నెత్తిన పెట్టడం కూడా జరుగుతోంది. పొద్దున తొమ్మిదికి ఇక్కడి మీటింగు, రాత్రి పదింటికి అమెరికా కాల్, మధ్యలో శుక్రవారం నాలుగింటికి ధ్యానం సెషన్. అలసిపోతే నీ మనసు నీ అదుపులో లేదని అర్థం! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను, అంటే పనితో నిలువునా అలసిపోవడాన్ని, జబ్బుల కింద కాక, పనికి సంబంధించిన పరిస్థితిగా వర్ణించింది. పనిచోట దీర్ఘకాలం సాగే, సరిగ్గా సంబాళించని ఒత్తిడి వల్ల వచ్చేదని చెప్పింది. మా చిన్నమ్మ కూడా బోర్డు పెట్టాక ఊరుకోలేదు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అందరికీ పడక ఇప్పించింది. చాలని జనంతో, నిద్రలేని జనంతో పనిచేయిస్తూ నువ్వు ఎంత ప్రశాంతంగా బ్యాగు పెడితే మాత్రం ఏం లాభం?

అలాగే ఆ "ముందు" అనే మాట కూడా జనాన్ని తికమక పెడుతోంది. ముందు నేను పూర్తిగా బాగుపడి, ఆ తర్వాతే పదవి తీసుకుంటానని మంచివాళ్ళు కొందరు వెనక్కి తగ్గుతుంటారు. ఆ సందేహమే లేనివాళ్ళు ముందుకొస్తారు. నా సంగతే చూడండి. నా కింద ఎనిమిది మంది లేకపోతే నా బ్యాగు చప్పుడు నాకు జన్మలో వినపడేది కాదు.

ఇప్పుడు ఇంకో ఆఫీసు, ఇంకో టీమ్. ఆలస్యంగా వచ్చిన రోజున నేరుగా సీటుకు రాను, కింద టీ బండి దగ్గర పావుగంట నిలబడి పైకొస్తాను. ఎందుకో టీమ్‌కు కూడా చెప్పేశాను, బ్యాగు కథతో సహా. పోయిన నెల ఒక రోజు కుండపోత వాన. రాయదుర్గం దగ్గర మోకాటి లోతు నీళ్ళు, టీ బండి మూసి ఉంది. తడిసి ముద్దయి పైకొచ్చాను. బ్యాగు ఎలా పెట్టానో నాకైతే గుర్తు లేదు. కొత్తగా చేరిన అమ్మాయి స్క్రీన్ మీంచి తలెత్తి చూసింది.

"సార్, పేమెంట్ పేజీ నిన్న రాత్రి నుంచి పనిచేయట్లేదు. మీరు ముందు ప్యాంట్రీలో టీ తాగి రండి, తర్వాత చూపిస్తాను."